వరుస అయిపోనీ

పొద్దు పొడిచిందని నేను చెబితే, మా వాడలో జనం బయటికొచ్చి ఒకసారి ఆకాశం చూసుకుని గాని మొహం కడగరు. ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించుకున్న పేరు ఇది. మోటారు వైండింగు దుకాణం పెట్టుకున్నవాడికి చేతులకు పని ఉంటుంది గాని నోటికి ఉండదు. కాలిపోయిన మోటారు తెచ్చిన రైతు అది బాగయ్యేదాకా నా బల్ల మీద కూర్చోవాలి. కూర్చున్నవాడికి ఏదో ఒకటి చెప్పాలి కదా. వెల్గటూరు దగ్గర గోదావరిలో ఒక మొసలి అయిదు హార్స్‌పవర్ మోటారును మింగేసి, మూడు రోజులు నోటితో పొలానికి నీళ్లు పారించిందని చెప్పింది నేనే. ఆ ముచ్చట విన్న రైతు ఇప్పటికీ కనిపిస్తే మొసలి బాగోగులు అడుగుతాడు.

అలాంటివాణ్ని ఈ ఒక్క సంగతీ ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను. అలవాటు కొద్దీ చెయ్యి ఎక్కడైనా ఒక మూర పొడిగిస్తే చదివేవాళ్లే కత్తిరించుకోవాలి.

పోయిన నెల ఒక సాయంత్రం ఎదురింటి బావ దుకాణానికి వచ్చాడు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అరిచి అరిచి, రిటైరైన నాటి నుంచి రోజుకు పది మాటలు కూడా ఖర్చు పెట్టడు. చేతిలో గుడ్డసంచి ఉంది. దాన్ని నా బల్ల మీద, స్క్రూడ్రైవర్ల పక్కన మెల్లగా పెట్టాడు.

"సూదుల మీద వరుస సగంల ఆగింది తమ్మీ," అన్నాడు. "తీసి పారేద్దామంటే చెయ్యి అత్తలేదు. గట్లనే ఇడిసిపెడితే మీ అక్క ఊకోదు. జర ఆ వరుస నువ్వు పూర్తి చెయ్యి."

అక్క పోయి అప్పటికి పదకొండు రోజులు.

అక్క, బావ అంటున్నాను గాని రక్తం కలిసిన చుట్టరికం కాదు. వాళ్లది ప్రభువును నమ్ముకున్న ఇల్లు, మాది తాళ్లెక్కి కల్లు గీసిన ఇల్లు. కోరుట్లలో ఒకే సందులో ఎదురెదురుగా ఇన్నేళ్లు బతికితే చుట్టరికం దానంతటదే మొలుస్తుంది. ఆమె జగిత్యాల సర్కారు దవాఖానాలో ముప్పై ఏళ్లు కాన్పుల వార్డు నర్సు. పొడుగు మనిషి. గడియారం ముంజేతి లోపలివైపు పెట్టుకునేది. రిటైరయ్యాక కూడా తలుపు భుజంతో తోసి తెరిచేది, చేతులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి దేన్నీ ముట్టుకోకూడదన్నట్టు. కొప్పులో ఒక అల్లిక సూది ఎప్పుడూ గుచ్చి ఉండేది. దాన్ని మరిచిపోయి ఇల్లంతా వెతికేది. బావ నోరు తెరవకుండా తన తల వెనక్కి వేలు చూపించేవాడు.

రిటైరైన కొత్తలో ఒకరోజు దుకాణానికి వచ్చి నా గ్రైండరు ఆగేదాకా నిలబడింది.

"తమ్మీ, నీ దుకాణంల సప్పుడు కన్న నా నెత్తిల సప్పుడు ఎక్కువున్నది," అంది.

"ఏం సప్పుడక్కా?"

"పంచాయతి. ఒకామె సిస్టరూ సిస్టరూ అని ఒర్రుతది. ఒకడు మొగపిల్లనా ఆడపిల్లనా అని బయట నిలవడి తలుపు గుద్దుతడు. ఒక పోరికి బిడ్డ అడ్డం తిరిగింది, డాక్టరమ్మ ఇంక రాలే. ఇంతల పించను కాయితాలు యాదికత్తయి. పొయ్యి మీద పాలు యాదికత్తయి. అందరు ఒక్కపారే మాట్లాడుతరు. ఒక్కలు ఇంకొకల మాట ఇనరు."

"మరి డాక్టరుకు చూపించుకోకపోయినవా?"

"డాక్టర్లే ఉన్నరు ఆ పంచాయతిల. సూదులు పట్టుకుంటెనే అందరు కూసుంటరు. నాలుగు వరుసలైనంక ఒక్కొక్కలే లేసి ఇండ్లకు పోతరు. ఆఖరికి నేను, ఊలు, మీ బావ ఉల్లిగడ్డ కోసే సప్పుడు, గంతే మిగుల్తం."

అల్లిక ఆమెకు చిన్నప్పుడు హాస్టలు వార్డెనమ్మ నేర్పిందట. ఉద్యోగంలో తీరిక లేక పక్కన పడేసిన సూదుల్ని రిటైరయ్యాక ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసింది. ఊలు జగిత్యాల నుంచి లచ్చీలుగా తెప్పించుకునేది. ఆ లచ్చీలు చిక్కు పడకుండా నా కాయిల్ చుట్టే మిషను మీద ఉండలు చుట్టి ఇచ్చేవాణ్ని. రాగితీగ తిరిగే మిషను మీద ఊలు తిరుగుతుంటే రైతులు వింతగా చూసేవాళ్లు. అది కొత్తరకం మోటారు, షాకు కొట్టదు, చలికాలంలో వెచ్చగా కూడా ఉంటుందని చెప్పేవాణ్ని. ఒకాయన రెండు కావాలని అడిగాడు.

మధ్యాహ్నం నాలుగు గంటలకు వాళ్లింటి ముందు రేకుల కింద కుర్చీ పడేది. ఆ ఇంట్లో వంట బావది. ఆయన గడపలో పీట వేసుకుని కూరగాయలు ముందర పెట్టుకునేవాడు. ఆమె కుర్చీలో కూర్చుని ఒళ్లో సంచి పెట్టుకునేది. పక్కన స్టీలు గ్లాసులో చాయ్, దాని మీద మూతగా సాసరు. కరివేపాకు చెట్టు కింద ఎండుతున్న మిరపకాయలు. మధ్యమధ్య ఆయన ఒక వంకాయ ఎత్తి చూపించేవాడు. ఆమె తల అడ్డంగా ఊపితే పుచ్చు, నిలువుగా ఊపితే కూర. వాళ్లిద్దరూ సంసారం గురించి మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు, చూడటం మాత్రం రోజూ చూశాను.

నన్ను చూస్తే మాత్రం పిలిచేది. "తమ్మీ, ఒక అబద్ధం చెప్పు. గీ వరుస పొడుగున్నది."

టోపీ వరుసకు చిన్న అబద్ధం చాలు. స్వెట్టరు వెనకభాగానికి కాస్త పెద్దది కావాలి. వరుస అయిపోయే చోట అబద్ధం కూడా అయిపోవాలి, అదీ నిబంధన. ముందే అయిపోతే "ఇంక పదిహేను కుట్లున్నయ్, మొసలికి పెండ్లి చెయ్యి," అనేది. మంచి శ్రోత. నమ్మదు, కానీ అడ్డం రాదు. ఇలాంటి శ్రోత దొరకడానికి కథలు చెప్పేవాడు పెట్టి పుట్టాలి.

తాను అడిగిన అబద్ధానికి తప్ప, వరుస మధ్యలో ఎవరు పలకరించినా పలికేది కాదు. కుడిచేతి చూపుడువేలు పైకెత్తేది. "వరుస అయిపోనీ" అని దానర్థం. చర్చి పాస్టరు గారికీ అదే వేలు, గ్యాస్ బండ తెచ్చినతనికీ అదే వేలు. ఒకసారి మా దుకాణంలో వైర్లు అంటుకున్నాయని, బావను పిలవమని పరిగెత్తుకుంటూ వచ్చాను. వేలెత్తింది. నేను నిలబడ్డాను. మండుతున్న దుకాణాన్ని వెనక పెట్టుకుని ఒక మనిషి వేలు చూస్తూ నిలబడ్డవాణ్ని ఈ భూమ్మీద నేనొక్కణ్నే. వరుస అయ్యాక "మంటనా, పొగనా?" అని తీరిగ్గా అడిగింది. అప్పటికే బావ బకెట్టుతో వెళ్లి ఆర్పేసి వచ్చాడు. ఇదంతా నిజం. బకెట్టు కాదు, చెంబు.

ఆమె అల్లేవి ఎక్కువగా పసిపిల్లల టోపీలు. డజను కాగానే జగిత్యాల పోయేవాళ్లెవరి చేతనో కాన్పుల వార్డుకు పంపేది. కోరుట్లలో ఎండాకాలం రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటుంది. "గీ ఎండల ఊలు టోపీలేందక్కా, పిల్లలు ఉడుకుతరు," అంటే, "తల్లి కడుపు కన్న బయట సల్లగనే ఉంటది తమ్మీ. నీకు పుట్టినప్పుడు ఎవ్వలు టోపీ పెట్టలే. గందుకే నెత్తిలకు గాలి దూరింది," అంది. బావ ఆ రోజు నవ్వాడు. చూసినవాణ్ని నేనున్నాను.

ఇంత నెమ్మదైన ఇంటిని నేను చెడగొట్టాను. ఇక్కడి నుంచి కాస్త సిగ్గుపడుతూ రాస్తున్నాను.

అవి తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసిన రోజులు. కోరుట్ల చౌరస్తాలో మా టెంటు. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసుల్లేవు. టెంటు కింద రిలే నిరాహారదీక్ష. రోజుకొక పనివాళ్ల వంతు. తమ పని ఏదో ఆ పనే రోడ్డు మీద చేసి చూపించడం అప్పటి పద్ధతి. టైలర్లు కుట్టు మిషన్లు మోసుకొచ్చి నడిరోడ్డు మీద కుట్టారు. క్షౌరం చేసేవాళ్లు అక్కడే కుర్చీలు వేశారు. మావాళ్లు మోకులూ కుండలతో వచ్చారు, ఎక్కడానికి తాడిచెట్టు లేక కరెంటు స్తంభం వైపు చూస్తుంటే లైన్‌మన్ చేతులు జోడించాడు. వంటలు కూడా రోడ్డు మీదే.

ఒకరోజు రిటైరైన ఉద్యోగుల వంతు వచ్చింది. బావ మెడలో దండ వేసుకుని కూర్చున్నాడు. అక్క కూడా కూర్చుంది. "పొద్దంత చేతులు ముడుసుకోని కూసునుడు నాతోని కాదు," అని సంచి వెంట తెచ్చుకుని, ఎవరికో పుట్టబోయే బిడ్డకు పసుపుపచ్చ టోపీ మొదలుపెట్టింది. టోపీ మొదట్లో టోపీలా ఉండదు. రెండు బెత్తెల వెడల్పున పట్టీలా ఉంటుంది.

అక్కడికి కొత్తగా వచ్చిన విలేకరి ఒకాయన నా పక్కకు చేరాడు. "అన్నా, గా పెద్దమ్మ ఏం చేత్తున్నది?"

ఆయన ప్రశ్న మామూలుదే. నా నోరే మామూలుది కాదు.

"అల్లిక దీక్ష," అన్నాను. "నీకు ఎరుకలేదా? ఒకటే పట్టీ. రాష్ట్రం అచ్చేదాక ముడి వెయ్యదు. కోరుట్ల నుంచి ఢిల్లీ దాక అల్లుతదట. సలికాలంల పార్లమెంటు మెడకు సుట్టత్తదట."

ఆయన నవ్వుతాడనుకున్నాను. రాసుకున్నాడు. నేను ఆపాల్సింది. కానీ నా అబద్ధాన్ని ఒకరు కాగితం మీద రాసుకోవడం అదే మొదటిసారి. ఆ మురిపెంలో ఊరుకున్నాను.

తెల్లారి జిల్లా పేజీలో ఆమె ఫొటో వచ్చింది. పైన పెద్ద అక్షరాలు: ఢిల్లీ దాకా అల్లిక.

పొద్దున ఎనిమిదింటికే టెంటు పెద్ద, బడిలో డ్రాయింగు చెప్పే సారు, శాలువాతో వాళ్లింటికి వచ్చాడు. వెనక ముప్పై మంది. నేను దుకాణం షట్టరు సగం పైకి లేపి, ఆ సగం కింది నుంచి చూస్తున్నాను. "అమ్మా, మీరింత సంకల్పం పెట్టుకున్నరని మాకు ఎరుకలేకపాయె," అంటున్నాడు సారు. ఆమె వేలెత్తింది. ముప్పై మందీ నిలబడ్డారు. వరుస పూర్తి చేసి, తల ఎత్తి, వాళ్లందరి మీది నుంచి నా షట్టరు వైపు చూసింది. తర్వాత "సరే సారూ," అంది. ఎందుకందో నాకు అప్పుడు అర్థం కాలేదు. అబద్ధమని ఒక్కమాట అంటే పోయేది కదా.

మర్నాటి నుంచి ఆమె టెంటులో, మైకు పక్కన, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో. జనం ఊలు తెచ్చారు. కొనడానికి దుకాణాలు లేవు కాబట్టి ఇళ్లలో ఉన్న స్వెట్టర్లు విప్పి తెచ్చారు. మొగుడు దుబాయిలో ఉన్న ఒకామె అతని స్వెట్టరే తెచ్చి, "ఆయిన రాలేడు సిస్టరమ్మా, ఆయిన ఊలన్న దీక్షల కూసుంటది," అంది. కోనరావుపేట నుంచి ఒక గొర్లకాపరి తాత నల్లగొర్రె ఉన్ని వడికి తెచ్చి ఇచ్చి, దాన్ని ఆమె సూదికి ఎక్కించేదాకా కదల్లేదు. పట్టీ పెరిగింది. రోజూ సాయంత్రం టైలరు టేపుతో కొలిచేవాడు, మైకులో ప్రకటించేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు. మధ్యలో ఉపన్యాసాలు, డప్పులు, ఫొటోలు. "అమ్మా, ఇటు సూడండ్రి. అమ్మా, సూదులు జర మీదికి లేపండ్రి." వరుస మధ్యలో ఆమె వేలెత్తితే అది నినాదమనుకుని జనం పిడికిళ్లు ఎత్తేవాళ్లు.

నాలుగు గంటలకు రేకుల కింద కుర్చీ ఖాళీగా ఉండేది. బావ ఒక్కడే పీట మీద. వంకాయ ఎత్తి చూపించడానికి ఎవరూ లేక, ఎత్తి, తానే చూసుకుని, దించేవాడు. ఒకరోజు రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు.

"ఇంటికచ్చినంక సుత మాట్లాడుతలేదు," అన్నాడు. "పెదిమలు కదులుతున్నయ్. ఎవ్వలతోనో పంచాయతి పెట్టుకుంటున్నది. పాలు పొంగినా సూత్తలేదు."

"దీక్ష కదా బావా, గట్లనే ఉంటది," అన్నాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిటిలో రుచి లేనిది అదే.

తర్వాత మూడు రోజులకు సిరిసిల్ల నుంచి నేతపనివాళ్లు జీపులో వచ్చారు, మద్దతు చెప్పడానికి. అందులో ఒక ముసలాయన. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. పట్టీ మొదలు పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని జరుపుకుంటూ, చదువుతున్నట్టుగా చివరిదాకా వచ్చాడు. చివర నేనే నిలబడి ఉన్నాను.

"గీమె మీ మనిషేనా?" అన్నాడు.

"మా అక్క."

"నెమ్మదిగ లేదు గీమె. మొదటి గజం సూడు, నీళ్ల లెక్క ఉన్నది. గీ గజం సూడు. గీడ బిగిసింది, గీడ సడలింది, గీడ కుట్టు జారింది, జారింది సుత ఎరుకలేదు. చెయ్యి పనిమీద లేదు. ఎవ్వలో పోరు పెడుతున్నరు." పట్టీని నా చేతిలో పెట్టాడు. "ఎవ్వలో సూసి, బంద్ చెయ్యుమను."

ఎవరో చూడటానికి నాకు అద్దం చాలు.

మర్నాడు పొద్దున్నే, ఆమె టెంటుకు బయల్దేరకముందే వెళ్లాను. రేకుల కింద కూర్చుని ఉంది. ఒళ్లో సూదులున్నాయి, కదలడం లేదు. బావ లోపల చాయ్ పెడుతున్నాడు.

"అక్కా, ఆ దీక్ష ముచ్చట పేపరోనికి చెప్పింది నేనే," అన్నాను.

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"పేపర్ల సదివిన నాడే. పార్లమెంటు మెడకు సుట్టే అబద్ధం గీ ఊర్ల ఇంకెవ్వనికత్తది?"

"మరి ఆ పొద్దే చెప్పకపోయినవా, గది ఉత్త ముచ్చటని?"

ఆమె సూదుల వైపు చూసింది. "ముప్పై మంది నిలవడ్డరు తమ్మీ. వాళ్ల మొకాలు సూసినవా? బిడ్డ ఏడుపు కోసం బయట కూసున్నోల్ల మొకాలు గట్లనే ఉంటయ్. గసొంటోల్లకు లోపలేం లేదని ఎట్ల చెప్త? ఆ దుబాయి పోరి మొగని స్వెట్టరు ఇప్పి తెచ్చింది. గది అబద్ధమెట్లయితది?"

కింద దొర్లిన ఊలు ఉండను ఎత్తి ఆమె సంచిలో వేశాను.

"గని నాతోని అయితలేదు," అంది. అప్పుడు చూశాను, సూది మీది నుంచి రెండు కుట్లు జారి ఉన్నాయి, ఆ చేతులు వాటిని ఎత్తడం లేదు. ముప్పై ఏళ్లు పసిపిల్లల్ని బయటికి తీసిన చేతులవి. "సూదులు పట్టుకుంటె అందరు ఇండ్లకు పోతుండె. ఇప్పుడు సూదులు పట్టుకుంటెనే అత్తున్నరు. నాకు ఉన్నది గీ ఒక్క జాగనే తమ్మీ. గిది సుత పోతె నేను యాడ కూసోవాలె?"

లోపల చాయ్ గరిటె చప్పుడు ఆగింది. బావ వింటున్నాడు.

"పొయ్యి అందరికి చెప్త," అన్నాను. "నేనే అబద్ధం చెప్పిన్నని మైకుల చెప్త."

"నువ్వు నిజం చెప్తె ఎవ్వలు నమ్ముతరు?" అంది. న్యాయమైన మాట. "ముడి వేత్తె రాష్ట్రం రాదని భయపడుతరు. పట్టీ ఆగొద్దు. నేను లెవ్వాలె. గంతే." కాసేపు ఆలోచించింది. "ఉపాసం రిలే అయితది గాని అల్లిక కాదా? దినానికొకలు కూసుంటె ఏమాయె?"

"ఎవ్వలకత్తదక్కా అల్లిక?"

"నీకత్తది."

"నాకా?"

"రాగితీగ సుట్టెటోనివి. ఊలు సుట్టరాదా? గీ దీక్ష పెట్టింది నువ్వు, సూదులు పట్టుకునేది సుత నువ్వే. కూసో."

కూర్చున్నాను. బావ రెండు చాయ్‌లు తెచ్చి, సాసర్లు మూతపెట్టి, వెళ్లిపోయాడు. రెండు రోజులు నేర్పింది. కుట్టు బిగిస్తే సూదితో వేలి కణుపు మీద కొట్టేది. "తీగ కాదు. ఊపిరి తీసుకోనియ్యి దాన్ని." కాన్పుల వార్డులో ఎన్ని వేల మందికి చెప్పిందో ఆ మాట, నాకూ అదే గొంతుతో చెప్పింది.

మూడోరోజు టెంటులో ఎర్ర కుర్చీలో నేను. ఊరు ఊరంతా వచ్చింది. ఆ రోజు ఉపన్యాసాలు ఎవరూ వినలేదు.

"ఏందన్నా, మోటర్లు బంద్ పెట్టి మేజోళ్లు మొదలువెట్టినవా?"

"గా సూదులకు కరెంటు పెట్టుకో, జల్ది అయితది."

మా ఇంటావిడ కూడా వచ్చింది. చేతులు కట్టుకుని కాసేపు చూసి, "ఇంట్ల చెద్దరు చినిగి పొక్కవడ్డది. ఢిల్లీ పొయ్యచ్చినంక గది సుత జర సూడు," అని వెళ్లిపోయింది.

మొదటి గంట చెమటలు పట్టాయి. రెండో గంట వేళ్లు నొప్పి. ఆ తర్వాత ఏమైందో సరిగ్గా చెప్పలేను. మైకు మోగుతూనే ఉంది, డప్పు మోగుతూనే ఉంది. ఒక కుట్టు, ఇంకో కుట్టు. నా తలలోనూ ఎప్పుడూ పది మంది ఉంటారు. మొసలి ఉంటుంది, మొసలికి పెళ్లివారుంటారు, ఎదురుగా ఉన్న మనిషికి ఏం చెబితే నోరు తెరుస్తాడా అని ఎప్పుడూ వెతుకుతుండే ఒకడుంటాడు. వాళ్లందరూ ఎప్పుడు కూర్చున్నారో, ఎప్పుడు లేచి వెళ్లారో చూడలేదు. ఎవరో రైతు వంగి, "అన్నా, ఇయ్యాల ముచ్చటేం లేదా?" అన్నాడు. నోరు తెరిచాను. ఏమీ లేదు. "లేదు," అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నాకు అబద్ధం తోచకపోవడం అదే మొదటిసారి. నేను తెప్పరిల్లి చూసుకునేసరికి నాలుగు వరుసలయ్యాయి.

నా చేతకానితనం చూశాక అందరికీ ధైర్యం వచ్చింది. నాకే వచ్చినప్పుడు తమకెందుకు రాదని టైలర్లు కూర్చున్నారు, దుబాయి వాళ్ల ఇల్లాళ్లు కూర్చున్నారు, డ్రాయింగు సారు కూర్చుని గీతలన్నీ వంకరగా అల్లాడు. పట్టీ ఒకచోట లావై, ఒకచోట సన్నమై, చిల్లులతో, ముడులతో ముందుకు పోయింది. ఆమె వారానికొకసారి వచ్చి జారిన కుట్లు ఎత్తి వెళ్లేది. నాలుగు గంటలకు రేకుల కింద కుర్చీ మళ్లీ పడింది. మొదటి రోజు బావ వంకాయ ఎత్తి చూపించాడు. ఆమె చాలాసేపు చూసి తల నిలువుగా ఊపింది. నిజానికి అది పుచ్చు. రోడ్డు ఇవతల నుంచి నాకే కనిపించింది.

రాష్ట్రం వచ్చింది. ఆ రంగుల్లో, ఆ టపాసుల్లో పట్టీకి ముడి వేయాలని ఎవరికీ గుర్తు లేదు. టెంటు విప్పినప్పుడు దాన్ని ఒక బస్తాలో కుక్కారు. నేను వెతికి తెచ్చి ఆమె ముందర పోశాను. సిరిసిల్ల ముసలాయన చేసినట్టే ఆమె కూడా వేళ్ల మధ్య జరుపుకుంటూ పోయింది.

"గిది దుబాయి పోరి. గీడ మొగనితోని ఫోన్ మాట్లాడింది, సడలింది. గిది డ్రాయింగు సారు. గిది నువ్వు."

"ఎట్ల ఎరుక?"

"తీగ లెక్క బిగిసింది. గని గీడ సూడు, గీ నాలుగు వరుసలు." వేలితో నిమిరింది. "గీడ నువ్వు ఊకున్నవ్."

ఆ నాలుగు వరుసల గురించి నేను ఎవరికీ చెప్పలేదు.

ఆమె కత్తెర తీసి చివర కత్తిరించి, విప్పడం మొదలుపెట్టింది. అంత పట్టీనీ. వారం రోజులు నా కాయిల్ మిషను ఆ ఊలు చుట్టింది. దుబాయి స్వెట్టరూ, నల్లగొర్రె ఉన్నీ, అన్నీ ఉండలయ్యాయి. నా వంతు వచ్చినప్పుడు అడ్డం పడ్డాను.

"గా నాలుగు వరుసలన్న ఉంచుదామక్కా."

"ఎందుకు? ఊకునుడు మల్ల అత్తది," అని లాగేసింది.

అవన్నీ టోపీలై జగిత్యాల వార్డుకు పోయాయి. ఎన్నయ్యాయో నేను చెబితే నమ్మరు కాబట్టి చెప్పను. ఏళ్ల తర్వాత సిరిసిల్ల బస్సులో మండే ఎండలో ఒక పసిదానికి మూడు రంగుల టోపీ చూశాను. అందులో ఒక వరుస గరుకు నల్ల ఉన్ని. "ఇంట్ల నలుగురు పిల్లలకు ఇదే పెట్టినం," అంది తల్లి. పట్టీ ఏమైందని అడిగేవాళ్లకు మాత్రం, అది ఢిల్లీ చేరింది, అక్కడ చలికి పనికొస్తోందని చెబుతాను. నాకున్న పేరు నిలబెట్టుకోవాలి కదా.

పోయిన నెల బావ సంచి తెచ్చిన సాయంత్రానికి మళ్లీ వస్తాను. దుకాణంలో ఆ పని చేయబుద్ధి కాలేదు. సంచి పట్టుకుని ఆయన వెంట రోడ్డు దాటాను. రేకుల కింద ఆమె కుర్చీ అలాగే ఉంది. నేను పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఆయన పీట మీద కూర్చుని కత్తి అందుకున్నాడు గాని ఏమీ కోయడం లేదు. సంచిలో ఆకుపచ్చ టోపీ. సగం వరుస కుడి సూది మీద, సగం ఎడమ సూది మీద. ఆమె వేళ్లు ఆగిన చోట ఊలు ఇంకా వంపు తిరిగి ఉంది. నా మోటు వేళ్లతో ఆ వంపును పట్టుకున్నాను. ఒక కుట్టు. ఇంకో కుట్టు.

దుకాణం ముందు ఎవరో మోటారు దింపి, "అన్నా," అని కేకేస్తున్నారు.

"తమ్మీ," అన్నాడు బావ. "ఇల్లు బొత్తిగ సప్పుడు లేకుంటున్నది. మీ అక్కకు చెప్తుంటివి సూడు, గసొంటి అబద్ధం ఒకటి చెప్పు."

నేను తల ఎత్తలేదు. చూపుడువేలు పైకెత్తాను.

ఆయన ఆ వేలు వైపు కాసేపు చూశాడు. తర్వాత వంగి, బుట్టలోంచి ఒక ఉల్లిగడ్డ తీసుకుని కోయడం మొదలుపెట్టాడు.